ధూప్ అంటే ధూపం కాదు

ముందు భయం గురించి

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. కూర్చోగానే అడిగేది ఒకటే. "మొదట్లో మీకు రక్తం చూస్తే భయం వేయలేదా, అమ్మా?" అని. రక్తానికి నేను ఎన్నడూ జంకలేదు. చీము, వాంతి, పురుడు, చావు, వీటికి ఎవరైనా ఆరు నెలల్లో అలవాటు పడతారు. నేను భయపడింది నా నోటికి. ఈ నోటితో అన్న ఒక మాట అవతలి ఇంట్లోకి వెళ్లి ఏమవుతుందో అన్న భయం ఇరవయ్యో ఏట పట్టుకుంది. ఇప్పుడు డెబ్బై దాటాయి, ఇంకా వదల్లేదు.

ముప్పై ఏళ్లకు పైగా ఇంటింటికీ తిరిగే నర్సుగా పనిచేశాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అన్నది మీకు అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తులేదు. బాగా గుర్తున్నది మొదటి కొలువు. అది అమీర్‌పేటలో ఒక చిన్న దవాఖానా. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు.

ఇప్పటి అమీర్‌పేట చూసినవాళ్లకు చెబితే నవ్వుతారు గానీ, అప్పుడు అక్కడ తోటలు, మోటబావులు, మధ్యమధ్య దేవిడీలు, అంటే నవాబుల భవంతులు, వాటి వెనక కూలివాళ్ల ఇళ్లు, నేతవాళ్ల ఇళ్లు. పంజాగుట్ట అంటే నిజంగానే గుట్ట. పెద్దపెద్ద బండలు, సీతాఫలం పొదలు. బేగంపేట మీదుగా విమానం చప్పుడైతే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. దానికి తోడు ఆ ఏడు ఎక్కడో ఎలుకలు చచ్చిపడుతున్నాయని, ప్లేగు మన దాకా వచ్చేస్తోందని పుకారు. జనం పట్టపగలు తలుపులూ కిటికీలూ బిగించుకుని కూర్చునేవారు. అలాంటి ఇళ్ల తలుపు తట్టి, "కిటికీ తెరవండి, ఎండలో కూర్చోండి" అని చెప్పడం నా ఉద్యోగం.

మడమలు చూసే డాక్టరు

మా డాక్టర్ సాబ్ పల్టన్‌లో, అంటే సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. మాట్లాడేది ఉర్దూ. తెలుగు కొంచెం అర్థమయ్యేది గానీ నోరు తిరిగేది కాదు. కోపం ముక్కు మీదే ఉండేది.

ఆయన దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మందికి చెప్పుకోదగిన రోగం ఉండేది కాదు. "పాణం బాగుంటలేదు", "లేవబుద్ధి అయితలేదు", "తాకత్ లేదు", ఇవే మాటలు. తాకత్ మందు ఒక సీసా ఇమ్మని బతిమాలేవారు. రంగునీళ్లు సీసాలో పోసి ఇచ్చే వైద్యులు పట్నంలో బోలెడుమంది. మా సాబ్ ఆ పని చేసేవాడు కాదు. జ్వరం లేదు, క్షయ లేదు, లోపల పుండు లేదు అని గట్టిగా చూసుకున్నాక సీసాకు బదులు ఐదు పనులు చెప్పేవాడు. పొద్దుతో పాటు లేచి తలుపులు తెరిచి గాలి రానివ్వాలి. కాసేపు ఎండలో కూర్చోవాలి. పంజాగుట్ట దాకా నడిచి రావాలి. ఆకలి ఉన్నా లేకున్నా వేళకు ఇంత జొన్నరొట్టె తినాలి. ఇక రోజుకు ఒక్కసారైనా ఒక మనిషితో కూర్చుని మాట్లాడాలి, పని మాటలు కాదు, ఊరికే ముచ్చట్లు. జనం దీనికి "గుట్ట మందు" అని పేరు పెట్టారు. కొందరు ఎగతాళిగా అనేవారు, కొందరు నమ్మకంగా అనేవారు.

రెండోసారి వచ్చిన రోగిని సాబ్ నాలుక చాపమనేవాడు కాదు, కాళ్లు చాపమనేవాడు. మడమలు చూసేవాడు. నడిచినవాడి మడమ పగుళ్లలో గుట్ట మట్టి ఉంటుందని ఆయన లెక్క. ఒక మున్షీ ఉండేవాడు, దేవిడీలో రాతపని చేసే లావుపాటి మనిషి. "దినాం పోతున్న సాబ్, గుట్టెక్కి దిగుతున్న" అని ఒట్టు పెట్టాడు. మడమలు చూస్తే దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. సాబ్ వేలితో రుద్ది వాసన చూశాడు. చూసి, "పంజాగుట్ట మీద పొయ్యి ఎవరు పెట్టారు మున్షీ?" అని ఉర్దూలో అడిగాడు. పొయ్యిలో బూడిద పూసుకొచ్చాడు మహానుభావుడు! ఆ తర్వాత సిగ్గుతో నిజంగానే నడిచాడు. రెండు నెలల్లో మెట్లెక్కుతూ పాటలు పాడేవాడు.

సాబ్‌ను నేను ఇప్పటికీ తలచుకుంటాను. అయినా ఆయనలో ఉన్న లోపం కూడా చెప్పాలి. తాను చెప్పింది ఎదుటివాళ్లకు అర్థమైందనే అనుకునేవాడు. అర్థమయ్యేలా చేయడం నా పని. ఆయన ఉర్దూలో రెండు ముక్కలు అంటే నేను తెలుగులో చెప్పాలి.

ఇక నా లోపం. మాది కరీంనగర్ దిక్కు నేతవాళ్ల ఊరు. నర్సు చదువుకు పట్నం వచ్చినప్పుడు నోరు తెరిస్తే తోటి అమ్మాయిలు నవ్వేవారు. పంతం పట్టి ఉర్దూ మాటలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఇక ఊరి మాట అనడం నామోషీ అయింది. నీళ్లు అనకుండా పానీ అనేదాన్ని, ఎండ అనకుండా ధూప్ అనేదాన్ని. ఉర్దూ వచ్చిన నర్సమ్మ అని నలుగురూ అంటుంటే లోలోపల పొంగిపోయేదాన్ని. ఆ పొగరు ఒక మనిషి పీక మీదకు తెచ్చింది.

సత్తెమ్మను తీసుకొచ్చిన రోజు

అమీర్‌పేట వెనక నూలుకు రంగులద్దేవాళ్ల గల్లీ ఒకటి ఉండేది. రంగునీళ్లు గల్లీ పొడుగునా పారేవి. అక్కడికి వెళ్లి వస్తే పాదాలు నీలంగా మారి రెండు రోజుల దాకా వదిలేది కాదు. ఆ గల్లీ నుంచి ఒక పొద్దున జట్కాలో సత్తెమ్మ అనే అమ్మాయిని తీసుకొచ్చారు. వెంట అత్త నర్సవ్వ, భర్త మల్లేశం. కొడుకు దగ్గర ఉందామని అత్త సిరిసిల్ల నుంచి వచ్చి ఏడాది కాలేదు, ఆ కొడుకు కూడా రంగుల తొట్టి తప్ప ఉర్దూ ఎరగడు. సత్తెమ్మ పుట్టిల్లు మాత్రం ఇక్కడే, సోమాజిగూడ. తండ్రి అక్కడ ఒక దేవిడీలో తోటమాలి.

సత్తెమ్మకు నా ఈడే. తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయాడు. పోయి మూడు నెలలైంది. అప్పటి నుంచి మూలన పడుకుని లేవదు, తల దువ్వుకోదు, పెడితే రెండు ముద్దలు తింటుంది, లేకపోతే లేదు. సాబ్ చాలాసేపు చూశాడు. నాడి, గుండె, కడుపు అన్నీ చూశాక చివరికి మడమలు చూశాడు. అవి పసిపిల్లవాడి మడమల్లా మెత్తగా, తెల్లగా ఉన్నాయి. ఆయన మొహం దిగులుగా అయింది.

"హవా బదల్నా. ధూప్ దేనా, సుబహ్ షామ్," అన్నాడు నాతో. గాలి మారాలి, పొద్దునా సాయంత్రమూ ఎండ తగలనివ్వాలి అని. మిగిలిన మూడూ నాకు తెలుసు కదా అన్నట్టు చేయి ఊపాడు. ఇంతలో ఫిట్సుతో కొట్టుకుంటున్న పిల్లను ఎవరో ఎత్తుకొచ్చారు. సాబ్ అటు పరిగెత్తాడు. నన్నూ రమ్మని కేక వేశాడు.

నేను గుమ్మంలో నిలబడి అత్తకు గబగబా చెప్పాను. "అవ్వా, ఈమెకు గాలి మారాలె. దినాం రెండు పూటల ధూప్ ఇయ్యాలె."

నర్సవ్వ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "గాలేనా, బిడ్డా?" అంది.

"గాలే. సాబే చెప్తుండు గద."

"గాలి పోతే లేస్తదా నా కోడలు?"

పోతే అన్న మాట నాకు వినబడింది. చెవికి ఎక్కలేదు. "లేస్తది," అన్నాను.

"ధూపం ఎన్ని దినాలు?"

"లేశేదాకా. ఎంత ఇస్తే అంత మంచిది. మిగిలిన ముచ్చట మూడోనాడు ఇంటికొచ్చి చెప్త."

ఇదంతా నేను అత్తతో మాట్లాడాను. మల్లేశం తల ఊపుతూ విన్నాడు. సత్తెమ్మ బల్ల మీద కూర్చుని నా వంకే చూస్తోంది. ఏదో అనబోయినట్టు పెదవి కదిలింది. నేను అప్పటికే లోపలికి తిరిగాను.

ఇప్పటి పిల్లలకు చెప్పాలి. మా ఊళ్లలో గాలి అంటే పీల్చే గాలి ఒక్కటే కాదు. గాలి సోకింది, గాలి పట్టింది అంటే దయ్యం పట్టిందని. దాన్ని దించడానికి గదిలో పెట్టి పొగ వేస్తారు, ఆ పొగే ధూపం. ఇది నాకు తెలియక కాదు. మా నాయనమ్మే ఇంటింటికీ పోయి గాలి దించేది. తెలిసిన మాటను సిగ్గుపడి, పట్టుబట్టి మరచిపోయాను.

ఇల్లు మూసి ఉంది

మూడోనాడు బయలుదేరాను. రంగుల గల్లీ మొదట్లో నలుగురు గుమిగూడి ఉన్నారు. నేల మీద చచ్చిన ఎలుక. అప్పుడే చచ్చినట్టుంది, ముక్కు దగ్గర నెత్తురు. "ఇంకోటి సుత పడ్డదంట, లోపట," అన్నాడు ఒకాయన.

నా కాళ్లు ముందుకు సాగలేదు. ప్లేగు ఎట్లా వస్తుందో, గజ్జల్లో గడ్డ ఎట్లా లేస్తుందో చదువుకున్నాను, కళ్లారా చూశాను కూడా. నేను పోతే మా అమ్మకు దిక్కెవరు అనుకున్నాను. నా టీకా పని చేస్తుందో లేదో అనుకున్నాను. ఇట్లాంటివి ఎన్ని అనుకున్నా అసలు సంగతి ఒకటే. భయపడి వెనక్కి తిరిగాను.

దవాఖానాకు వచ్చి రోజువారీ పుస్తకంలో సత్తెమ్మ పేరు ఎదురుగా "ఇల్లు మూసి ఉంది" అని రాశాను. ఆరో రోజున కూడా అదే రాశాను. సాబ్ చూసి ఏమీ అడగలేదు. నేను మాత్రం ఆ రాత పక్కన నా పేరు కనబడగానే పుస్తకం మూసేసేదాన్ని. రేపు వెళ్దాం, ఎలుకల గొడవ సద్దుమణగనీ అని నాకు నేనే చెప్పుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున్నే మల్లేశం వచ్చాడు. చేతులు మోచేతుల దాకా నీలం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సాబ్ లేడు, సోమాజిగూడలో ఎవరినో చూడటానికి వెళ్లాడు.

"నర్సమ్మా, మీరు చెప్పినట్టే చేస్తున్నం," అన్నాడు. "దినాం రెండు పూటల ఏస్తున్నం. మొదట్ల మస్తు ఒర్రింది. ఇప్పుడు సప్పుడు చేస్తలేదు. గాలి తగ్గుతుందని మేం పిలిపించిన ముసలాయన అంటుండు. కానీ నిన్నటి సంది కండ్లు తెరుస్తలేదు. ఇంకింత ఎక్కువ ఎయ్యాల్నా, తక్కువ చెయ్యాల్నా? జర చెప్పుండ్రి."

"ఏం ఏస్తున్నరన్నా?"

"ధూపం, నర్సమ్మా. మీరు చెప్పింది గదే గద!"

బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో నా మనసులో మొదట మెదిలింది సత్తెమ్మ కాదు. నా కొలువు, పుస్తకంలో నేను రాసిన అబద్ధం మెదిలాయి. ఆ తర్వాతే ఆ అమ్మాయి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. మీకూ ఒక రోజు ఇదే వరసలో గుర్తొస్తాయి. అప్పుడు కనీసం కాళ్లు ఆగకూడదు. ఆ రోజు నా కాళ్లు ఆగలేదు, అదొక్కటే చెప్పుకోగలను.

కిటికీలో నూలు

మల్లేశం వెనక పరుగెత్తాను. గల్లీలో నీలం నీళ్లు, ఎలుకలు, ఏవీ చూడలేదు. ఇంటి ముందు గట్టు మీద నర్సవ్వ కూర్చుని ఉంది. పక్కన వేపమండ పట్టుకుని గాలి దించే ముసలాయన. ఇద్దరూ దగ్గుతున్నారు. తలుపు గొళ్లెం పెట్టి ఉంది. ఉన్న ఒక్క కిటికీలో నూలు చిక్కులు, గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. ఆ సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. నేను రెండుసార్లు పుస్తకంలో రాసిన మాట కళ్లముందు నిజమై ఉంది. ఇల్లు మూసి ఉంది.

గొళ్లెం తీశాను. లోపలి పొగ మొహాన కొట్టింది. వేపాకు, సాంబ్రాణి, ఎండుమిరపకాయలు. కళ్లు తెరవలేకపోయాను. నేల మీద చేతులతో తడుముకుంటూ పోయి ఆమె పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. చచ్చిపోయింది అనుకున్నాను. నేను చంపేశాను అనుకున్నాను. ఆమె రెండు చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగుతున్నంతసేపూ అదే అనుకున్నాను.

"తియ్యకు బిడ్డా!" అని నర్సవ్వ అడ్డం వచ్చింది. "ఇంక మూడు దినాలైతే దిగుతదన్నడు. నడిమిట్ల తీస్తే పాణానికే మోసమంట!"

మల్లేశం తల్లిని పక్కకు జరిపాడు. ఇద్దరం కలిసి సత్తెమ్మను వాకిట్లో ఎండలో పడుకోబెట్టాం. కళ్లు వాచి మూసుకుపోయాయి. పెదవులు నల్లబడ్డాయి. ముక్కు దగ్గర నా వేలు పెట్టాను. ఏమీ తెలియలేదు. చెంప ఆనించాను. అప్పుడు సన్నగా, వెచ్చగా తగిలింది. ఆగింది. నేను కూడా ఊపిరి బిగబట్టాను. మళ్లీ తగిలింది. ఆ రెండింటి మధ్య ఉన్న కాసేపు నా ఆయుష్షులో అన్నిటికంటే పొడుగైన కాలం.

తల పక్కకు తిప్పి నోట్లో చొంగ తుడిచాను. కళ్లు కడిగాను. పైట చెంగుతో విసిరాను. అప్పుడు చుట్టూ చేరిన జనం ముందు చెప్పాల్సి వచ్చింది. "అవ్వా, నేను ధూపం చెప్పలేదు. ధూప్ అని చెప్పిన. ధూప్ అంటే ఎండ. ఎండల కూసోబెట్టమన్నడు సాబ్. గాలి అంటే కిటికీలకెల్లి వచ్చే గాలి. తప్పు నాది."

ముసలాయన వేపమండ కింద పెట్టి, "ఇన్నేండ్లకు ఒక డాక్టర్ నా పని చెయ్యిమన్నడని సంబరపడ్డ," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నర్సవ్వ మాత్రం కదల్లేదు. నన్నే చూస్తూ నిలబడింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను.

"ఎండ అనరాదా, బిడ్డా?" అంది. "ఎండ అంటే నాకు తెల్వదా?"

అంతే అంది. అని కోడలి కాళ్ల దగ్గర కూలబడి, అరికాళ్లు రుద్దుతూ ఏడ్చింది. ఆ ముసలామె కోడలిని చంపుకుందామని పొగ వేయలేదు. డాక్టరు చెప్పిన మందు అని, కళ్లు మండుతున్నా గట్టు మీంచి లేవకుండా తొమ్మిది రోజులు వేసింది. మా మాట తప్పకుండా పాటించే రోగుల ఇళ్లను చూసే ఎక్కువ భయపడాలి. అది నాకు ఆమె నేర్పింది.

సత్తెమ్మను దవాఖానా వరండాకు మోసుకొచ్చాం. సాబ్ రాగానే వైద్యం మొదలుపెట్టాడు. రెండు రోజుల పాటు ఏమీ చెప్పలేమన్నాడు. ఆ రెండు రోజులూ నేను వరండా దిగలేదు. ఆమె దగ్గినప్పుడల్లా బతికి ఉంది అనుకునేదాన్ని, దగ్గు ఆగితే లేచి చూసేదాన్ని. మూడోనాడు కళ్లు తెరిచి నీళ్లు తాగింది.

అప్పుడు సాబ్ దగ్గరకు వెళ్లి అంతా చెప్పేశాను, ఎలుక సంగతి, పుస్తకంలో రాసిన అబద్ధం సహా. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాళ్లు చూపించమన్నాడు. నా మడమలు ఇంకా నీలంగానే ఉన్నాయి. "ఈసారి వెళ్లావు," అన్నాడు ఉర్దూలో. తర్వాత ధూప్‌ను తెలుగులో ఏమంటారని అడిగాడు. చెప్పాను. ఆ రోజు నుంచి ఆయన నోట ధూప్ అన్న మాట రాలేదు. "యెండా, యెండా" అని రోగుల మీద అరిచేవాడు. వాళ్లు నవ్వేవారు. నేను నవ్వలేకపోయేదాన్ని.

గుట్ట దాకా

సత్తెమ్మకు చెప్పిన గుట్ట మందు నువ్వే దగ్గరుండి ఇవ్వు అన్నాడు సాబ్. రోజూ పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లేదాన్ని. తలుపు తట్టే ముందు ప్రతిరోజూ చెవి ఒగ్గి వినేదాన్ని. లోపలి నుంచి దగ్గు వినబడితే గానీ చేయి తలుపు మీదకు వెళ్లేది కాదు. మొదటి వారం గుమ్మం దాకా. తర్వాత గల్లీ చివరి దాకా. ఆ తర్వాత మోటబావి దాకా. నర్సవ్వ కొంగులో రొట్టె, ఉల్లిగడ్డ కట్టి ఇచ్చేది. కిటికీలో నూలు మళ్లీ ఎవరూ కుక్కలేదు.

నడకా, ఎండా ఏం చేస్తాయో చెబితే నమ్మరు, అంత మెల్లగా చేస్తాయి. ఒకరోజు ఆమె తనంతట తానే జడ వేసుకుని కూర్చుంది. ఇంకోరోజు రొట్టె సగం నాకిచ్చింది. సాంబ్రాణి వాసన వస్తే మాత్రం ఉన్నచోటే నిలబడి ముక్కు మూసుకుని వణికేది. నేను చేయి పట్టుకుని దాటించేదాన్ని. మాట మాత్రం లేదు. అవునంటే తల ఊపడం, కాదంటే తల తిప్పడం. పొగకు గొంతు పోయిందేమోనని నాకు లోపల ఒకటే భయం. సాబ్‌ను అడిగితే గొంతు బాగానే ఉందన్నాడు. అది విన్నాక ఇంకా ఎక్కువ భయం వేసింది.

రెండు నెలలకు గుట్ట ఎక్కాం. పై బండ మీద కూర్చున్నాం. కింద అమీర్‌పేట తోటలు, దూరంగా చెరువు నీళ్లు మెరుస్తున్నాయి. నేను రొట్టె విప్పుతున్నాను.

"అక్కా, ఒక ముచ్చట చెప్పనా?" అంది సత్తెమ్మ.

రొట్టె నా చేతిలోంచి జారి బండ మీద పడింది.

"ఆ దినం దవాఖానల సాబ్ ధూప్ అన్నప్పుడే నాకు సమజైంది. మా నాయిన దేవిడిల తోటమాలి గద. నేను పుట్టి పెరిగింది గా తోటలనే. నీకంటే ముందుగాల నాకొచ్చు ఉర్దూ."

"మరి చెప్పకపోయినవా, సత్తెమ్మా?"

"చెప్పిన. మొదటి దినమే చెప్పిన. అత్తా, ధూప్ అంటే ఎండనే, పొగ గాదు అని. గా మాట నేను అంటలేనంట. నా లోపటి గాలి అంటుందంట. పొగకు భయపడి ఉపాయం చెప్తుందంట. చెప్పినకొద్దీ మిర్పకాయలు ఇంకింత ఏసిండ్రు. అందుకే నోరు బంద్ చేసిన." రొట్టె ఏరి దుమ్ము దులిపింది. "మూడోనాడొస్త అన్నవు గద. నువ్వొస్తె చెప్దామని చూసిన. దినాం చూసిన."

ఆమె మొహం చూడలేక నా మడమలు చూసుకున్నాను. ఆ రోజు దవాఖానాలో అత్తతో మాట్లాడాను, భర్త తల ఊపితే చాలనుకున్నాను. బల్ల మీద కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే అక్కడే, అప్పుడే దిద్దేది. ఎండా గాలీ నడకా ఎవరైనా చెప్పగలరు. ఐదో పని, మనిషితో మాట, అది ఆమెకు చెప్పాల్సిన నేనే చేయలేదు. మీరు వెళ్లే ఇంట్లో ఇంటిపెద్ద ఎంత బాగా మాట్లాడినా సరే, మంచంలో ఉన్నవాళ్ల దగ్గర కూర్చోకుండా లేవకండి. నేను ఉద్యోగం మానేదాకా అట్లాగే చేశాను. మంచితనంతో కాదు, ఆ బండ మీద విన్న మాటలకు భయపడి.

గుట్ట మీద ఎండ ఎక్కుతోంది. ఆలస్యమైతే నర్సవ్వ కంగారు పడుతుందని నేను లేవబోయాను. సత్తెమ్మ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏం ఫికర్ లేదక్కా. జర ఇంకింతసేపు కూసుందాం," అంది. "ధూప్ మంచిగున్నది."